బెజవాడలో బస్సు ఎక్కడ మారాలి, టికెట్ ఎక్కడిదాకా తీసుకోవాలి

మొన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసింది, నాగార్జున యూనివర్సిటీలో సీటొచ్చింది అన్నయ్యా, పోరంకి నుంచి రోజూ బస్సులో వెళ్ళి రావాలి, ఎక్కడ ఎక్కాలి ఎక్కడ దిగాలి చెప్పవా అని. ఫోన్లో అరగంట చెప్పాను, సగం మర్చిపోయానంది, అన్నీ రాసి పంపమంది. రాస్తుంటే అనిపించింది, ఇది ఆ పిల్ల ఒక్కదానికే కాదు, కొత్తగా బెజవాడ వచ్చినోళ్ళకి, ఇక్కడే పుట్టి పెరిగి బండి మీద తప్ప తిరగనోళ్ళకి కూడా పనికొచ్చుద్ది కదా అని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. నేను పదిహేనేళ్ళుగా కానూరు నుంచి గుంటూరు వైపు బస్సుల్లోనే తిరుగుతున్నా, ఇందులో చెప్పినవన్నీ నేను ఎక్కి దిగి తెలుసుకున్నవే.

ముందు ఒక్క మాట. మనోళ్ళు చాలామంది బస్సు నంబర్ కనుక్కుంటే చాలనుకుంటారు. నంబర్ కంటే ముందు తేల్చుకోవాల్సింది ఎక్కడ మారాలి అన్నది. ఊరికి ఈ చివర నుంచి ఆ చివరకి, లేదా కృష్ణ అవతలకి వెళ్ళాలంటే ఒక బస్సులో పని అవ్వదు, మారాల్సిందే, ఆ మారే చోటు మంచిది ఎంచుకుంటే ప్రయాణం హాయిగా ఉంటది, లేకపోతే డబ్బులూ టైమూ రెండూ పోతాయి. ఇంకోటి, ఆ మారే చోటు అందరికీ ఒకటే కాదు, మీతో ఎవరున్నారు, చేతిలో సామాను ఎంతుంది అన్నదాన్ని బట్టి మారుద్ది.

బెజవాడ బస్సుల దారులు మూడు నాలుగు పెద్ద రోడ్లుగా గుర్తుపెట్టుకోండి. ఒకటి బందరు రోడ్డు, ఉయ్యూరు, కంకిపాడు, పెనమలూరు, పోరంకి, కానూరు, ఆటోనగర్ గేటు, పటమట మీదుగా బెంజి సర్కిల్ కొచ్చి అక్కడి నుంచి లోపలికి స్టేడియం, పాత పీడబ్ల్యూడీ గ్రౌండ్ మీదుగా వెళ్ళుద్ది, ఇప్పుడు అంబేద్కర్ గారి పెద్ద విగ్రహం ఉంది కదా ఆ గ్రౌండే. రెండోది ఏలూరు రోడ్డు, గన్నవరం, కేసరపల్లి, గూడవల్లి, నిడమానూరు, ఎనికేపాడు, ప్రసాదంపాడు దాటి రామవరప్పాడు రింగు దగ్గరికొస్తారు. ఇక్కడ చూసుకోండి, రింగు దగ్గర దారి చీలుద్ది. కొన్ని బస్సులు గుణదల, పడవలరేవు మీదుగా పాత ఏలూరు రోడ్డులోకి పోతాయి, కొన్ని హైవే మీద నేరుగా బెంజి సర్కిల్ వైపు పోతాయి. మూడోది గొల్లపూడి, భవానీపురం వైపు, ఇబ్రహీంపట్నం కొండపల్లి నుంచి వచ్చేది. నాలుగోది సింగ్ నగర్, నున్న వైపు. వీటన్నిటికీ మధ్యలో నెహ్రూ బస్టాండు. కృష్ణ అవతల తాడేపల్లి, మంగళగిరి, గుంటూరు కావాలంటే వారధి, అంటే కృష్ణ మీద హైవే వంతెన, దాటాలి. ప్రకాశం బ్యారేజీ మీద పెద్ద బండ్లు పోనివ్వరు, అందుకని సీతానగరం, ఉండవల్లి వెళ్ళే బస్సు కూడా వారధి మీదుగా చుట్టి వెళ్ళుద్ది. సీతానగరం దాకానే పనుంటే, ఎండ లేని టైములో బ్యారేజీ మీద నడిచిపోవచ్చు, పన్నెండొందల మీటర్ల పైన ఉంటది అంతే, సాయంత్రం నది గాలికి నడుస్తుంటే దూరమే తెలీదు.

బస్సు ముందు అద్దం మీద నంబరు, ఊరి పేరు ఉంటాయి. నంబరు పక్కన అక్షరం కూడా చూడండి. అంకె ఒకటే అయినా అక్షరం మారితే చివర్లో దారి మారిపోద్ది, ఒకటి కాలనీలోకి తిరుగుద్ది, ఇంకోటి మెయిన్ రోడ్డు మీదే పోద్ది. అందుకే నేను నంబర్లు రాసివ్వట్లేదు. రూట్లు మారుస్తుంటారు, పాత నంబరు పట్టుకుని స్టాపులో నిలబడితే మీకే నష్టం. బోర్డు మీద ఊరి పేరు చదవండి, ఎక్కేముందు మెట్టు దగ్గరే నిలబడి అడగండి. అడిగే పద్ధతి కూడా చెప్తా, "గుంటూరు వెళ్తుందా అండీ" అని అడిగితే ఊ అంటారు, ఎక్కేస్తారు, తర్వాత చూస్తే మీ స్టాపులో ఆగదు. "యూనివర్సిటీ దగ్గర ఆపుతారా అండీ", "మంగళగిరి ఊళ్ళోకి వెళ్తుందా, హైవే మీద దింపుతారా" అని దిగే చోటు పేరు పెట్టి అడగాలి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం తిప్పలు తప్పుతాయి.

నేను ఇది ఎలా నేర్చుకున్నానో చెప్తా. కొన్నేళ్ళ కిందట మా అమ్మని మంగళగిరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా. పొద్దున్నే బయల్దేరాం, బస్టాండులో దిగాం, ఎదురుగా గుంటూరు బస్సు కదలబోతోంది, అమ్మని చెయ్యి పట్టుకుని గబగబా ఎక్కించేశా. అది నాన్‌స్టాప్. వారధి దాటాక టికెట్ చూపించమంటే అప్పుడు తెలిసింది. మధ్యలో ఎక్కడా ఆగకుండా గుంటూరు బస్టాండులోనే దిగాం, అక్కడి నుంచి పల్లెవెలుగు ఎక్కి వెనక్కొచ్చేసరికి డాక్టరు వెళ్ళిపోయారు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, పోనీలే నాన్నా రేపొద్దాం అంది, అదే నాకు ఇప్పటికీ బాధ. తప్పు నాదే, బోర్డు చదవకుండా ఎక్కించాను. అప్పట్నుంచి ఎంత తొందరున్నా బోర్డు చదివే ఎక్కుతున్నా.

కాబట్టి బస్సు రకాలు తెలుసుకోవాలి. సిటీలో తిరిగేవి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్. ఆర్డినరీ ప్రతి స్టాపులో ఆగుద్ది, రేటు తక్కువ. మెట్రో ఎక్స్‌ప్రెస్ స్టాపులు తక్కువ, రేటు కొంచెం ఎక్కువ. ఊరి బయటికి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఉంటాయి. పల్లెవెలుగు దారిలో చెయ్యి ఎత్తిన ప్రతి స్టాపులో ఆగుద్ది, తాడేపల్లి, మంగళగిరి, చినకాకాని, కాజ, యూనివర్సిటీ, పెదకాకాని, ఇలా. ఎక్స్‌ప్రెస్ కొన్ని చోట్లే. నాన్‌స్టాప్ అసలు ఆగదు, దీనికి టికెట్ బస్టాండులో కౌంటర్ దగ్గరే తీసుకుని ఎక్కాలి. గుంటూరు బస్టాండుకే పనుంటే నాన్‌స్టాప్‌ని మించిన హాయి లేదు, రెండు ఊళ్ళకీ మధ్య దూరం ముప్ఫై ఐదు కిలోమీటర్లు అటూ ఇటూ, ట్రాఫిక్ లేకపోతే గంట లోపు దిగిపోతారు. మధ్యలో దిగేవాళ్ళకి మాత్రం అది పనికిరాదు.

ఇప్పుడు టికెట్ సంగతి. మన ఆర్టీసీలో ఒక టికెట్ తీసుకుని రెండు బస్సులు మారే పద్ధతి మామూలు టికెట్‌కి లేదు, ఏ బస్సుకి ఆ బస్సులో మళ్ళీ టికెట్ తీసుకోవాల్సిందే. దీంతో ఏమవుద్దంటే దూరం అంతే అయినా రెండు ముక్కలుగా వెళ్తే ఒక్క బస్సులో వెళ్ళినదానికంటే ఎక్కువ పడుద్ది. ఎందుకంటే చార్జీ లెక్క కిలోమీటర్ కిలోమీటర్‌కి కాదు, స్టేజీల మీద ఉంటది. పల్లెవెలుగులో స్టేజీ అంటే ఐదు కిలోమీటర్ల లెక్క, సిటీ బస్సులో స్టేజీలు ఇంకా చిన్నవి. మీరు స్టేజీ మధ్యలో దిగినా తర్వాతి స్టేజీ దాకా డబ్బులు పడతాయి. ప్రతి టికెట్ కనీస చార్జీతో మొదలవుద్ది, పల్లెవెలుగులో కనీసం 10 రూపాయలు, 2022 ఏప్రిల్‌లో డీజిల్ సెస్ వేసినప్పుడు చిల్లర గొడవ లేకుండా అలా పదికి రౌండ్ చేశారు. ఆ సెస్ అప్పట్లో పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ మీద 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్, మెట్రోల మీద 5, పైన లగ్జరీ, ఏసీ బస్సుల మీద 10. అదే ఏడాది జులైలో దూరాన్ని బట్టి ఇంకో సెస్ వేశారు గానీ విజయవాడ, విశాఖ సిటీ బస్సులకి అది వెయ్యలేదు. అంటే ఏంటి మనకి? ఊరి లోపల ఎంత దూరం సిటీ ఆర్డినరీలో వెళ్ళగలిగితే అంత చౌక. కానూరు నుంచి బస్టాండుకి బందరు నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎక్కే బదులు సిటీ ఆర్డినరీ ఎక్కండి, ఆ పది నిమిషాలు ఆలస్యానికి ఏం కాదు.

ఇందులోంచి రెండు సంగతులు వచ్చాయి. డైరెక్ట్ బస్సు కనపడితే, కొంచెం ఆలస్యమైనా, సీటు లేకపోయినా, దాన్ని వదలొద్దు. మారక తప్పనప్పుడు స్టేజీ ఉన్న చోట మారండి, స్టేజీ దాటి ఒక స్టాపు ముందుకెళ్ళి మారితే పై స్టేజీ డబ్బులు కట్టినట్టే. మీ స్టాపు స్టేజీ అవునో కాదో కండక్టర్ గారిని అడిగితే చెప్తారు, "ఇక్కడ దిగితే ఎంత, ముందు స్టాపులో దిగితే ఎంత" అని అడగండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

ఆడవాళ్ళకి ఈ లెక్కలన్నీ లేవు ఇప్పుడు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం వచ్చింది, పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్, ఈ ఐదు రకాల్లో మన రాష్ట్రం ఆడవాళ్ళకి, ఆడపిల్లలకి, ట్రాన్స్‌జెండర్లకి ఉచితం. నాన్‌స్టాప్‌లో లేదు, సూపర్ లగ్జరీ, ఏసీల్లో లేదు, పక్క రాష్ట్రం వెళ్ళే బస్సుల్లో లేదు. ఉచితమే కదా అని ఊరికే కూర్చోకూడదు, ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ రేషన్ కార్డు గానీ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి, అది చేతిలో ఉండాలి, చెకింగ్ వస్తే అదే అడుగుతారు. బస్సు మారినప్పుడల్లా మళ్ళీ కొత్త జీరో టికెట్. అందుకే మా చెల్లికి చెప్పా, కార్డు బ్యాగు అడుగున పుస్తకాల కింద పెట్టొద్దు, పైన చిన్న జిప్పులో పెట్టుకో, రోజుకి నాలుగు సార్లు తీస్తావు అని. ఒరిజినల్ కార్డే పెట్టుకుంటే ఏ కండక్టరుతోనూ మాట పడక్కర్లేదు. డబ్బులు పోవు కాబట్టి ఆడవాళ్ళు మారడానికి భయపడక్కర్లేదు, డైరెక్ట్ కోసం నలభై నిమిషాలు నిలబడే బదులు ఏది ముందొస్తే అది ఎక్కి మధ్యలో మారండి. మా అమ్మ ఈ పథకం వచ్చాక గుణదల మేరీమాత గుడి దగ్గర ఉన్న తన స్నేహితురాలి ఇంటికి నెలకి నాలుగు సార్లు వెళ్తోంది, అంతకుముందు ఏడాదికి రెండుసార్లు. అది చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటది.

మగవాళ్ళలో 60 ఏళ్ళు దాటినోళ్ళకి టికెట్‌లో నాలుగో వంతు తగ్గిస్తారు, వయసు తెలిసేలా కార్డు చూపించాలి, మనం అడగాలి, వాళ్ళంతట వాళ్ళు జుట్టు చూసి ఇవ్వరు. మా నాన్న అడగడానికి మొహమాటపడతాడు, పక్కనున్న మనమే "సీనియర్ సిటిజన్ అండీ" అని చెప్పాలి. పిల్లలకి ఐదేళ్ళ లోపు టికెట్ లేదు, ఐదు నుంచి పన్నెండు దాకా హాఫ్ టికెట్. దివ్యాంగులకి కూడా రాయితీ ఉంటది. స్టూడెంట్ మగపిల్లలైతే పాస్ చేయించుకోండి, రోజూ రెండు బస్సులు మారేవాళ్ళకి పాస్ లేకుండా టికెట్లు కొనడం దండగ. ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళకి కూడా నెల పాస్ ఉంటది. పాస్ తీసుకునేటప్పుడు మీ రెండు బస్సుల దారీ అందులో వస్తుందా, మెట్రోకి చెల్లుద్దా, పల్లెవెలుగుకి చెల్లుద్దా అని పాస్ కౌంటర్లో గట్టిగా అడిగి తీసుకోండి. సిటీ పాస్ తీసుకుని ఊరి బయట పల్లెవెలుగులో చూపిస్తే చెల్లకపోవచ్చు, అప్పుడు బస్సులో వాదించి లాభం లేదు.

చిల్లర గురించి చెప్పకపోతే ఈ విషయం పూర్తవదు. ఇప్పుడు కండక్టర్ల దగ్గర టికెట్ కొట్టే ఈ-పోస్ మిషన్లు వచ్చాయి, ఫోన్‌పే, గూగుల్‌పేతో క్యూఆర్ కొట్టొచ్చు. కానీ పొద్దున ఎనిమిదిన్నరకి జనం వేలాడుతున్న బస్సులో సిగ్నల్ అందక ఫోన్ తిరుగుతూ ఉంటే వెనకాల పదిమంది టికెట్ కోసం ఆగుతారు. పది, ఇరవై నోట్లు ఎప్పుడూ చొక్కా జేబులో పెట్టుకోండి. ఐదొందల నోటు ఇస్తే టికెట్ వెనక ఎంత ఇవ్వాలో రాసిస్తారు, దిగేటప్పుడు తీసుకోవాలి, అది మర్చిపోయి దిగిపోయినవాళ్ళు ఎంతమందో. మారే తొందరలో ఇంకా మర్చిపోతాం. నేను అలా రాసిచ్చిన టికెట్‌ని జేబులో పెట్టను, దిగేదాకా వేళ్ళ మధ్యే పట్టుకుంటా, అప్పుడు గుర్తుంటది.

సరే ఇప్పుడు అసలు దారులు. మా చెల్లి దారే తీసుకుందాం, పోరంకి నుంచి నాగార్జున యూనివర్సిటీ. పోరంకిలో బస్టాండు వైపు వెళ్ళే ఏ బస్సైనా ఎక్కొచ్చు, కంకిపాడు వైపు నుంచి వచ్చేవన్నీ అటే. ఇప్పుడు రెండు మార్గాలు. ఒకటి నేరుగా బస్టాండులో దిగడం. రెండోది బెంజి సర్కిల్లో దిగి, అక్కడి నుంచి హైవే మీద వారధి వైపు వెళ్ళే బస్సో షేర్ ఆటోనో పట్టుకుని వారధి దగ్గర దిగి, బస్టాండు నుంచి గుంటూరు వైపు వచ్చే పల్లెవెలుగుని అక్కడే ఎక్కడం. చూస్తే రెండోది దగ్గర దారి, బందరు రోడ్డు లోపలి సిగ్నళ్ళు అన్నీ తప్పుతాయి, పొద్దున పూట చాలా కలిసొస్తది. కానీ రెండు సార్లు మారాలి, పైగా వారధి దగ్గర ఎక్కితే సీటు మీద ఆశ పెట్టుకోకూడదు, బస్టాండులోనే నిండిపోయి వస్తాయి. ఒంటరిగా ఉన్నారు, చేతిలో ఒక బ్యాగే, నిలబడగలరు, అయితే వారధి. మీతో అమ్మో నాన్నో ఉన్నారు, చంకలో పిల్లాడున్నాడు, మూటలున్నాయి, అయితే కిక్కురుమనకుండా బస్టాండుకే వెళ్ళండి, బస్సు అక్కడి నుంచే బయల్దేరుద్ది కాబట్టి ఖాళీ బస్సు ఎక్కి సీట్లో కూర్చోబెట్టొచ్చు, పంకా కింద నీడలో ఆగొచ్చు, మంచినీళ్ళు, బాత్రూములు ఉంటాయి. వారధి దగ్గర మే నెల ఎండలో పెద్దవాళ్ళని నిలబెట్టడం పాపం. మా అమ్మతో వెళ్ళినప్పుడు ఇరవై నిమిషాలు ఎక్కువైనా బస్టాండే, నేనొక్కణ్ణే అయితే వారధి, నా లెక్క ఇదే.

బెంజి సర్కిల్ దగ్గర జాగ్రత్త ఒకటుంది. హైవే మీద ఫ్లైఓవర్లు వచ్చాక పైనుంచి పోయే బస్సు కింద సర్కిల్లో ఆగదు. గన్నవరం వైపు నుంచి వచ్చేవాళ్ళు దీంతో చాలా ఇబ్బంది పడతారు, బెంజి సర్కిల్లో దిగుదామనుకుంటే బస్సు రమేష్ హాస్పిటల్ దాటి పైకెక్కేసుద్ది, దిగేసరికి అటు చివర. ఎక్కేటప్పుడే "కింద నుంచి వెళ్తుందా, ఫ్లైఓవర్ మీద నుంచా" అని అడగాలి. గుడి దగ్గర కూడా అంతే, 2020లో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచాక భవానీపురం, గొల్లపూడి వైపు బస్సులు కొన్ని పైనుంచి పోతాయి. అమ్మవారి గుడికి వెళ్ళాలంటే కింద రోడ్డులో పోయే బస్సు కావాలి. దసరా పది రోజులూ, అందులోనూ మూలా నక్షత్రం రోజు, ఈ రాసిందంతా పక్కన పెట్టేయండి, బస్సుల దారులు మళ్ళిస్తారు, ఆ రోజు పేపర్లో ఏ బస్సు ఎటు పోతుందో వేస్తారు, అది చూసుకుని బయల్దేరండి.

గన్నవరం నుంచి మంగళగిరి, గుంటూరు వెళ్ళేవాళ్ళకి రామవరప్పాడు రింగు ముఖ్యం. మీరెక్కిన బస్సు రింగు దగ్గర ఏలూరు రోడ్డులోకి తిరిగేదైతే ఊరంతా చుట్టి రైల్వే స్టేషన్ వైపు నుంచి బస్టాండుకి చేరుద్ది, సాయంత్రం పూట చాలా టైము పడుద్ది. హైవే మీద బెంజి సర్కిల్ వైపు పోయేదైతే తొందరగా వెళ్తారు. రింగు దగ్గర దిగి మారడం నాకైతే ఇష్టం ఉండదు, రోడ్డు దాటడం కష్టం, బండ్లు నాలుగు వైపుల నుంచీ వస్తాయి. ముందే సరైన బస్సు ఎక్కితే మేలు. ఎయిర్‌పోర్టులో దిగినవాళ్ళు, టాక్సీకి డబ్బులు పెట్టలేనివాళ్ళు, గేటు బయటికి నడిచొస్తే హైవేనే, సిటీ బస్సులు ఆ ముందు నుంచే పోతాయి. పెద్ద సూట్‌కేసులు ఉంటే మాత్రం పొద్దున సాయంత్రం రద్దీలో సిటీ బస్సు ఎక్కకండి, మీకూ ఇబ్బంది, పక్కవాళ్ళకీ ఇబ్బంది.

సింగ్ నగర్, నున్న వైపు నుంచి బందరు రోడ్డుకి వెళ్ళాలంటే బస్టాండు లోపలికి వెళ్ళక్కర్లేదు. ఏలూరు రోడ్డూ బందరు రోడ్డూ పోలీస్ కంట్రోల్ రూమ్ వైపు దగ్గరికొస్తాయి, పాత బస్టాండు అంటాం చూడండి అక్కడ, అక్కడ దిగి మారితే బస్టాండులోకి వెళ్ళి మళ్ళీ బయటికొచ్చే టైము మిగులుద్ది. వన్ టౌన్ వాళ్ళకి కాళేశ్వరరావు మార్కెట్ ఉంది, కొన్ని సిటీ బస్సులు అక్కడి నుంచే బయల్దేరతాయి, అక్కడ ఎక్కితే సీటు దొరుకుద్ది.

బస్టాండులో మారేటప్పుడు తెలియాల్సింది, నెహ్రూ బస్టాండు చాలా పెద్దది, వచ్చే బస్సుల వైపు, బయల్దేరే బస్సుల వైపు, సిటీ బస్సులు, ఇలా వేరు వేరు భాగాలు. సిటీ బస్సు దిగిన చోటుకీ గుంటూరు బస్సు ఎక్కే చోటుకీ నడక ఉంటది. మోకాళ్ళ నొప్పులున్నోళ్ళని తీసుకెళ్తే ఆ నడకకి పది నిమిషాలు లెక్కేసుకోండి. ఎంక్వైరీలో ప్లాట్‌ఫారం నంబరు అడిగి అక్కడికే వెళ్ళండి, బస్సులు తిరిగే దారికి అడ్డంగా పరిగెత్తొద్దు, రివర్సులో వచ్చే బస్సుకి వెనక ఏముందో కనపడదు. ఇది చాలా సీరియస్‌గా చెప్తున్నా.

మంగళగిరిలో ఎయిమ్స్‌కి వెళ్ళేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు, శ్రీకాకుళం నుంచి కూడా వస్తున్నారు. వాళ్ళకి చెప్పేదేంటంటే, బస్టాండులో దిగి నాన్‌స్టాప్ తప్ప మంగళగిరి మీదుగా వెళ్ళే ఏ బస్సైనా పనికొస్తది, ఎయిమ్స్ దగ్గర ఆపుతారా లేక మంగళగిరిలో దిగి ఆటో ఎక్కాలా అని ముందే అడగండి. ఓపీ కోసం వెళ్తుంటే ముందు రోజు రాత్రే దగ్గర్లో ఉండటమో, తెల్లవారుజామున మొదటి బస్సులు పట్టుకోవడమో చేయండి, ఎనిమిది తర్వాత వారధి మీద ట్రాఫిక్ మొదలవుద్ది. రిపోర్టుల కవరు సీటు పైన అరలో పెట్టకండి, మారే కంగారులో మర్చిపోతారు, ఒళ్ళో పెట్టుకోండి.

గుంటూరు చేరాక సంగతి వేరు. అక్కడ బెజవాడలాగా సిటీ బస్సులు ఎక్కువ ఉండవు, ఊరంతా ఆటోల మీదే నడుస్తది. ఎన్టీఆర్ బస్టాండులో దిగి బ్రాడీపేట, అరండల్‌పేట, లాడ్జి సెంటరు, పెద్దాసుపత్రి ఎక్కడికైనా షేర్ ఆటోనే. శంకర్ విలాస్ పాత బ్రిడ్జి 2025లో తీసేసి కొత్తది మొదలుపెట్టారు, ఆ పని అయ్యేదాకా బ్రాడీపేట వైపు వెళ్ళే ఆటోలు చుట్టు తిరుగుతాయి, దానికి ఇంకో పావుగంట కలుపుకోండి. విజయవాడ వైపు నుంచి వచ్చే బస్సు ఊళ్ళోకి ఆటోనగర్ మీదుగానే వస్తది, ఆటోనగర్లో పనున్నవాళ్ళు బస్టాండు దాకా పోయి వెనక్కి రావద్దు, అక్కడే దిగండి. గుంటూరు నుంచి అమరావతి గుడికి, సత్తెనపల్లి, తెనాలి వైపు మళ్ళీ బస్సు మారాలంటే అదే ఎన్టీఆర్ బస్టాండులో ఎక్కడం, బయట స్టాపుల్లో నిలబడితే ఆగుతారో లేదో.

రైలు కూడా మర్చిపోవద్దు. విజయవాడ నుంచి గుంటూరుకి ప్యాసింజరు రైళ్ళు కృష్ణా కెనాల్, మంగళగిరి, నంబూరు మీదుగా పోతాయి. టైము కుదిరితే బస్సు కంటే చౌక, కానీ రైలు తప్పిపోతే తర్వాతిదానికి చాలా సేపు ఆగాలి, బస్సు అలా కాదు, ఒకటి పోతే ఇంకోటి వస్తది. స్టేషన్ దగ్గర్లో ఇల్లున్నోళ్ళకి రైలు, మిగతావాళ్ళకి బస్సు అని నా అభిప్రాయం.

ఫోన్లో ఆర్టీసీ లైవ్ ట్రాక్ యాప్ వేసుకోండి, దూరం బస్సులకి బాగా పనికొస్తది, బస్సు ఎక్కడుందో కనపడుద్ది. సిటీ బస్సులకి మాత్రం నేను స్టాపులో నిలబడ్డ పెద్దవాళ్ళని అడగడమే ఎక్కువ నమ్ముతా. రోజూ అదే టైముకి అదే స్టాపులో ఉండే పూలమ్మే ఆవిడకి, పకోడీ బండాయనకి ఏ బస్సు ఎప్పుడు పోయిందో తెలుస్తది. "పెద్దమ్మా, కంకిపాడు బస్సు పోయిందా" అని అడిగితే ఇప్పుడే పోయింది బాబూ, ఇంకో పదిహేను నిమిషాలు అని ఖచ్చితంగా చెప్తారు.

బస్సు లోపల ముందు వైపు సీట్లు ఆడవాళ్ళవి, ఉచితం వచ్చాక ఆ సీట్లు చాలట్లేదు, వెనక దాకా ఆడవాళ్ళే ఉంటున్నారు, మగవాళ్ళు దానికి విసుక్కోవద్దు. దిగాల్సిన స్టాపుకి ఒక స్టాపు ముందే లేచి డోర్ వైపు జరగండి, జనంలో చివరి నిమిషంలో లేస్తే దిగలేరు. మారబోతున్నారని కండక్టరు గారికి ముందే చెప్పండి, "వారధి దగ్గర దిగి గుంటూరు బస్సు ఎక్కాలండీ, అక్కడ చెప్తారా" అంటే చాలామంది గుర్తుపెట్టుకుని పిలిచి మరీ చెప్తారు. నాకు అలా ఒక కండక్టర్ గారు ముందు పోతున్న గుంటూరు బస్సుకి ఈల వేసి ఆపించి ఎక్కించారు, పేరు కూడా తెలీదు ఆయనది.

తిరుగు ప్రయాణం పొద్దునే ఆలోచించుకోండి. సాయంత్రం గుంటూరు వైపు నుంచి వచ్చేటప్పుడు వారధి దగ్గరే దిగిపోయి బెంజి సర్కిల్ వైపు మారొచ్చు, కానీ చీకటి పడ్డాక ఆడపిల్లలు ఒంటరిగా అక్కడ దిగొద్దు, బస్టాండుకే వచ్చేయండి, దీపాలుంటాయి, పోలీసులుంటారు, బందరు రోడ్డు బస్సులు అక్కడి నుంచే వస్తాయి. ఆఖరి బస్సు ఎన్నింటికో ఎంక్వైరీలో ఒక్కసారి అడిగి ఫోన్లో రాసిపెట్టుకోండి, దానికంటే ముందు బస్సుకే బయల్దేరండి. మా చెల్లికి కూడా అదే చెప్పా, ఫస్ట్ వారం నేను తోడొస్తా, సోమవారం ఏడింటికల్లా పోరంకి సెంటర్లో ఉండు, కార్డు మర్చిపోకు అని.